నల్లనా?

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మన మాట వినిపించని ఊళ్ళో పెరుగుతున్నారు కదా, ఎవరు చెబుతారు? నేనే చెప్పాలి. నాకు తెలిసినంతే చెబుతాను, తెలియనిది కలపను. ఆ కొండ పేరు తెలియదు. మీద బౌద్ధ భిక్షువుల ఆరామం ఉండేదని, అక్కణ్ణించి సముద్రం కనిపించేదని మాత్రం తెలుసు. ముందే చెబుతున్నాను, కథలో నిప్పు వస్తుంది, కానీ ఆ నిప్పులో ఎవరూ చనిపోరు. పోయినవారు ఒక్కరే ఉన్నారు, అది కథ మొదలుకాక ముందు.

ఇంకొక్క పని చేయండి. 'పిల్లి' అనండి. మాట మొదట్లో పెదవులు రెండూ కలుసుకున్నాయి, చూశారా? ఇప్పుడు 'నల్ల' అనండి. కలవలేదు. అది గుర్తుంటే చాలు.

సోమిలుడు అనే యువ భిక్షువుకు మొదట్లో పెదవులు కలిసే మాటలు వచ్చేవి కావు.

పుట్టు నత్తి కాదు. చిన్నప్పుడు నది సముద్రంలో కలిసేచోట తండ్రితో కలిసి పడవలో వస్తున్నాడు. తెరచాప తాడు సరిచేయబోయి తండ్రి నీళ్ళలో పడ్డాడు. పడవవాడు అటు తిరిగి పాడుకుంటూ తెడ్డు వేస్తున్నాడు. 'పడవ ఆపండి' అని అరవాలి. పిల్లవాడి పెదవులు 'ప' కోసం మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకోలేదు. పాట అయిపోయి పడవవాడు వెనక్కి తిరిగి చూసేసరికి పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు, నోరు బిగించుకుని, నీళ్ళకేసి చూస్తూ.

ఆ పిల్లవాణ్ణి కొండమీదికి తెచ్చి వదిలింది ఆ పడవవాడే. పెంచింది ఆరామంలో అందరికంటే పెద్దవాడైన మహానాగ స్థవిరుడు.

ఆయన గొంతు గంట మోగినట్టు ఉండేది. సంఘం కూర్చున్నప్పుడు చదవాల్సినవన్నీ ఆయనే చదివేవాడు. ఒక్క అక్షరం జారేది కాదు. మామూలుగా మాట్లాడేముందు మాత్రం ఒకసారి సముద్రం వైపు చూసి, ఆగి, అప్పుడు మాట్లాడేవాడు. అది ఆయన గాంభీర్యమని అందరూ అనుకునేవారు. కుర్ర భిక్షువులు కొందరు అలా చూడటం అలవాటు కూడా చేసుకున్నారు.

సోమిలుడికి మాట నేర్పిందీ ఆయనే. రోజూ పొద్దున కొండదారిలో నడిపిస్తూ నేర్పేవాడు. ముందు ఊపిరి వదులు, ఆ వదిలిన ఊపిరి మీద మాట పెట్టు. అడుగుకొక మాట వెయ్యి. కష్టమైన మాట ఎదురుగా కనిపిస్తే తిన్నగా దానిమీదికి దూకకు, దానికి ముందు ఒక తేలిక మాట వేసుకో, మెట్టులాగా. మెట్టెక్కి దాటిపో.

పని చేసింది. కొన్నేళ్ళకు సోమిలుడు ఇంచుమించు అందరిలాగే మాట్లాడసాగాడు. మెట్లు సరిపోనిచోట మాటే మార్చేసేవాడు. పెరుగు అనాల్సినచోట 'దధి' అనేవాడు. బియ్యాన్ని 'తండులాలు' అనేవాడు. పువ్వును 'కుసుమం' అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు, "అబ్బ, ఈయనకెంత సంస్కృతం!" అని నోళ్ళు వెళ్ళబెట్టేవారు. సోమిలుడికి అది బాగానే ఉండేది. పెద్దలను అక్కడ అందరూ 'భంతే' అని పిలిచేవారు. 'భ' అన్నా పెదవులు కలవాల్సిందే గనక అతను తన గురువును ఒక్కసారి కూడా అలా పిలవలేదు. 'ఆచార్యా' అనేవాడు. అది ప్రత్యేకమైన భక్తి అనుకున్నారంతా.

ఈ మాటల మార్పిడి గుట్టు తెలిసినవాడు, గురువు కాక, ఒక్కడే, నల్లన.

నల్లన అడవి గూడెం నుంచి వచ్చినవాడు. అసలు పేరు వేరే ఏదో ఉండేదట. మనిషి ఒంటి రంగు చూసి ఎవరో నల్లన అన్నారు, అదే నిలిచిపోయింది. బియ్యం కొట్టంలో దీపం పెట్టడం, వంటకు బియ్యం కొలిచివ్వడం అతని పని.

"అన్నా, ఇవాళ పెరుగు వెయ్యనా, దధి వెయ్యనా?" అనేవాడు వడ్డించేటప్పుడు, కళ్ళతో నవ్వుతూ.

"ఏదైనా ఒకటే, నోరు మూసుకుని వెయ్యి," అనేవాడు సోమిలుడు. ఆ జవాబులో పెదవులు కలిసే మాట ఒక్కటే ఉంది. నల్లన ముందు అది కూడా తేలిగ్గా వచ్చేసేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాయి. నదులు పొంగి దారులు మూసుకుపోయే నాలుగు నెలలూ భిక్షువులు కొండ దిగరు. అన్నాళ్ళకూ సరిపడా బియ్యం ఆ గడ్డి కప్పిన కొట్టంలోనే ఉంది.

ఒకరోజు పొద్దు గూకే వేళ సోమిలుడు ఊట దగ్గర నీళ్ళు ముంచుకుని వస్తున్నాడు. కొట్టం గూట్లో దీపం వెలుగుతోంది. ఎలుకలకోసం ఎప్పుడూ అక్కడే తిరిగే నల్లపిల్లి గూట్లోకి ఎగిరింది. దీపం దొర్లింది. పిల్లి అతని కాళ్ళ మధ్యనుంచే పారిపోయింది. వెనకాల గడ్డి అంటుకుంది.

"నిప్పు! నిప్పు!" అని అరిచాడు సోమిలుడు. ఆ మాట వచ్చింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు నల్లన లోపలికి దూకి, బుట్ట తర్వాత బుట్ట బయటికి విసిరాడు. సోమిలుడు కూడా వెళ్ళి పొగ మింగాడు. సగం బియ్యం దక్కింది. సగం బూడిదైంది. నల్లన రెండు చేతులూ మోచేతుల దాకా కాలి పొక్కిపోయాయి.

ఆరామం పనులు చూసే ధర్మిలుడు మంచివాడే, కానీ నిదానం తక్కువ. దగ్గుతూ నేలమీద కూలబడ్డ సోమిలుడి పక్కన వంగాడు.

"నువ్వే కదా ముందు చూసింది? దీపం ఎవరు పడేశారు?"

సోమిలుడికి 'పిల్లి' కనిపించింది, ఎదురుగా గోడలాగా. వేరే మాట వెతికాడు. 'మార్జాలం.' పెదవులు కలుస్తాయి. 'బిడాలం.' కలుస్తాయి. తనకు తెలిసిన ఏ భాషలోంచి తెచ్చినా ఆ జంతువుకి పెదవులు మూయాల్సిందే. సరే, మెట్టు వేసుకుందాం అనుకున్నాడు. ఊపిరి వదిలాడు.

"నల్ల..." అన్నాడు. తర్వాతి మాట కోసం పెదవులు మూసుకున్నాయి. బిగుసుకున్నాయి.

"నల్లనా?" అన్నాడు ధర్మిలుడు.

అవును, నల్లనే, నల్లటిదే. మాట అందించే మనిషి దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది సోమిలుడికి. గట్టిగా తల ఊపాడు. తర్వాత దగ్గు తెర ముంచుకొచ్చి స్పృహ తప్పింది.

పొగ గుండెల్లో చేరి అతనికి జ్వరం వచ్చింది. గురువు కుటీరంలో పడుకోబెట్టారు. బయట ఏం జరిగిందో అతనికి తెలియదు. ధర్మిలుడు నల్లనను పిలిచి అడిగాడు. దీపం గోడవైపు జరిపే వచ్చానని, తాను పడేయలేదని నల్లన చెప్పాడు. "కళ్ళారా చూసినవాడున్నాడు," అన్నాడు ధర్మిలుడు. "సోమిలుడు." అది విన్నాక నల్లన మళ్ళీ మాట్లాడలేదు. నిప్పు ముట్టిన ఆ చేతులే సాక్ష్యం, చూడండని ఒకరన్నారు. అడవివాళ్ళకు దీపం మీద జాగ్రత్త ఎక్కడుంటుందని ఇంకొకరన్నారు. సోమిలుణ్ణి ఇంకోసారి అడుగుదామా అని ఎవరో అంటే, "పాపం, వద్దు. జ్వరంలో ఉన్నాడు. మాట్లాడాలంటే ఎంత కష్టమో తెలుసు కదా," అన్నారు అందరూ. జాలిపడే అన్నారు, పిల్లలూ. అది మరిచిపోకండి.

దీపం పడేయడం పొరపాటు. దానికి ఎవరినీ వెళ్ళగొట్టరు. కానీ పడేసి, పడేయలేదని బొంకినవాడికి ఆ కొండమీద చోటులేదు. అది వాళ్ళ కట్టుబాటు.

సోమిలుడు లేచి తిరగగలిగిన రోజునే సంఘం కూర్చుంది. మధ్యాహ్నం, బయట హోరున వాన. అందరూ వరసల్లో కూర్చున్నారు. మధ్యలో నల్లన, చేతులకు ఆకుపసరు కట్లతో. ఎందుకు కూర్చున్నారో సోమిలుడికి తెలియదు. కాలిన బియ్యం సంగతి అయి ఉంటుందనుకున్నాడు. నల్లన వైపు చూసి చిన్నగా నవ్వాడు. నల్లన తల దించుకున్నాడు.

ఇక్కడ సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ తీర్మానమైనా మూడుసార్లు చదువుతారు. ఒప్పుకునేవాళ్ళు మౌనంగా ఉండాలి. ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. మూడోసారి చదవడం పూర్తయ్యాక కూడా మౌనంగా ఉంటే అందరూ ఒప్పుకున్నట్టే. ఇక దాన్ని తిప్పడానికి లేదు.

మహానాగుడు లేచి నిలబడి చదివాడు.

"సంఘం నా మాట వినాలి. నల్లన దీపం పడేశాడు. సోమిలుడు చూశాడు. పడేయలేదని నల్లన అబద్ధమాడాడు. నల్లనను కొండ దింపడానికి సమ్మతమైనవారు మౌనంగా ఉండండి. సమ్మతం కానివారు మాట్లాడండి."

సోమిలుడికి వాన చప్పుడు ఆగిపోయినట్టయింది.

'సోమిలుడు చూశాడు.' ఏం చూశాడు? ఎప్పుడన్నాడు? ధర్మిలుడి ముఖం, పొగ, 'నల్లనా?' అన్న ఆ గొంతు, తన తల ఊగడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. కిందికి దిగితే పొంగిన ఏరు. దాని అవతల అడవి. కాలిన చేతులతో ఈదగలడా వాడు?

చెప్పాలి. ఊపిరి వదిలాడు. ఊపిరి ఒక్కటే వచ్చింది. మెట్టు వేసుకోబోయాడు. మెట్టుగా దొరికిన మాట 'నల్ల'. ఆ మాట నాలుక మీదికి రాగానే మింగేశాడు. 'కాదు' అందామనుకున్నాడు. అది తేలిక మాటే. అదీ రాలేదు. పెదవులు బిగుసుకున్నాయి. నది వాసన వచ్చింది. ఎక్కడో పడవవాడి పాట.

మహానాగుడు రెండోసారి చదివాడు.

సోమిలుడు చెయ్యెత్తాడు. పక్కనున్న ధర్మిలుడు ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని దించాడు.

"చెయ్యెత్తితే కాదు నాయనా, నోటితో చెప్పిందే లెక్క," అన్నాడు చెవిలో. "నువ్వు బాధపడకు. నువ్వు చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశావు."

మహానాగుడు ఇదంతా చూశాడు. మూడోసారి మొదలుపెట్టాడు. గొంతు ఎప్పటిలాగే గంటలాగా ఉంది.

"సంఘం నా మాట వినాలి. నల్లన దీపం పడేశాడు. సోమిలుడు చూశాడు. పడేయలేదని నల్లన అబద్ధమాడాడు. నల్లనను కొండ దింపడానికి సమ్మతమైనవారు మౌనంగా ఉండండి. సమ్మతం కానివారు మా..."

ఆగాడు.

"మా... మా..."

ఎవరో దగ్గబోయి మానుకున్నారు. వరసల్లో తలలన్నీ ఒక్కొక్కటే పైకి లేచాయి.

"మా... మ్... మ్..."

ఆయన ఎడమ కనురెప్ప కొట్టుకుంటోంది. దవడ వణుకుతోంది. బొటనవేలు చూపుడువేలిని రాస్తోంది, చర్మం ఊడివచ్చేటట్టు. ఆయన సముద్రం వైపు చూడలేదు. ఊపిరి వదల్లేదు. మెట్టు వేసుకోలేదు. ఆ అక్షరం ముందు అలాగే నిలబడ్డాడు, ముసలి ముఖమంతా అందరికీ కనబడేటట్టు.

సోమిలుడు ఆ వేలినే చూశాడు. నత్తిని వెక్కిరించినవాళ్ళను అతను చిన్నప్పటినుంచీ చూశాడు. వాళ్ళెవరికీ కనురెప్ప సంగతి తెలియదు. బొటనవేలి సంగతి తెలియదు. బయటినుంచి చూసి నేర్చుకునేది కాదది.

ధర్మిలుడు తట్టుకోలేకపోయాడు. "మాట్లాడండి," అని అందించాడు మెల్లగా, ప్రేమగా.

మహానాగుడు అరచెయ్యి పైకెత్తి అతనికి చూపించాడు. వద్దు.

చదివేవాడే పూర్తి చేయాలి. పూర్తి కానిదే మౌనం లెక్కలోకి రాదు. బయట వాన పడుతోంది. అందరూ కూర్చున్నారు. ఎవరికీ ఎటు చూడాలో తెలియడం లేదు.

"మా... మా..."

"పి..."

అందరూ తిరిగారు. సోమిలుడు నిలబడి ఉన్నాడు.

"పి... పి..."

పెద్దాయన ఆపలేదు. కుర్రవాడు ఆపలేదు. ఆ సభలో ఒక ముసలి గొంతు, ఒక పడుచు గొంతు, రెండూ తలుపు తట్టినట్టు తడుతున్నాయి. ధర్మిలుడు నోరు తెరిచాడు. తెరిచిన నోటిని తనే చేత్తో మూసుకున్నాడు.

"పి... పి... పిల్లి."

ఆ మాట నేలమీద పడ్డట్టు వినిపించింది.

"నల్ల... పి... పిల్లి. దీ... దీపం... పి... పిల్లి పడేసింది. నల్లన కాదు. నేను నల్ల అన్నాను. ఆయన నల్లనా అన్నాడు. న... నల్లటిదా అని అడిగాడనుకున్నాను. తల ఊపాను. నా త... తప్పు."

చాలాసేపు పట్టింది అదంతా రావడానికి. ఒక్కరు కూడా అందించలేదు.

ధర్మిలుడు నల్లన వైపు తిరిగాడు. "నేను... పేరనుకున్నాను," అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి అతనికి కూడా రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

నల్లన కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని సోమిలుడి వైపే చూస్తున్నాడు.

"అన్నా," అన్నాడు, "నువ్వు చూశావన్నారు. నువ్వు అబద్ధం చెప్పవు. అందుకని నేనే పడేసి మరిచిపోయానేమో అనుకున్నాను. రెండురోజులుగా గుర్తు తెచ్చుకుంటున్నాను. నిన్నటికి కొంచెం కొంచెం గుర్తు కూడా వచ్చింది."

అది విని సోమిలుడు కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. వెళ్ళి అతని పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

మహానాగుడు ఆ మాటను పూర్తి చేయనే లేదు. చదవడం ఆపి వచ్చి తన చోట కూర్చున్నాడు. మూడో చదువు పూర్తి కాలేదు గనక తీర్మానమే లేదు.

వాన తెరిపిచ్చాక సోమిలుడు కొండదారిలోకి వెళ్ళాడు. రోజూ సాధన చేసే మలుపు దగ్గర పెద్దాయన తడి రాతి మీద కూర్చుని ఉన్నాడు. సోమిలుడు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. 'ఆచార్యా' అనలేదు.

"భ... భ... భంతే."

ఆయన తలెత్తాడు.

"నా కోసం న... నటించారా?"

ఎదురుగా సముద్రం ఉంది. ఆయన దానివైపు చూడలేదు. శిష్యుడి ముఖంలోకే చూశాడు.

"ఇన్నాళ్ళూ న... నటించాను," అన్నాడు. "ఇవాళ మా... మా... మానేశాను."

పిల్లలూ, ఆ తర్వాత సోమిలుడి నత్తి పూర్తిగా పోయిందని చెప్పేవాళ్ళు ఉన్నారు. మీరు అలా చెప్పకండి. నేను విన్నదాంట్లో పోలేదు. మర్నాడు పొద్దున కూడా ఇద్దరూ ఆ దారిలో ఊపిరి సాధన చేశారు. ఆ రోజు నల్లన కూడా వెంట వెళ్ళాడట. వడ్డించేటప్పుడు "పె... పెరుగు" అని సోమిలుడు అడిగితే, ఆ మాట పూర్తయ్యేదాకా గరిటె పట్టుకుని నిలబడేవాడట.

మీకు పిల్లలు పుట్టాక, ఏ దేశంలో ఉన్నా సరే, ఈ కథ వాళ్ళకు చెప్పండి. నల్లన, నల్లపిల్లి అన్నవి మన మాటల్లోనే చెప్పండి, లేకపోతే కథ నిలవదు. పెద్దాయన ఆగినచోట మీరూ ఆగండి. తొందరపడకండి. వింటున్నవాళ్ళలో ఎవరైనా ఉండబట్టలేక మాట అందించబోతే, ఏమీ అనకండి. అరచెయ్యి పైకెత్తి చూపించండి.